ఎక్కడికి తోడుతుంది

జనవరి 9

బంగారుతల్లికి,

నాన్న రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం, నా చెవులు తప్ప. అవి ఇక బాగుపడవని డాక్టరు తేల్చేశాడు కాబట్టి వాటిని ఇంట్లో మనుషుల లెక్కలోంచి తీసేశాను. ఫోనులో నువ్వు మాట్లాడితే ఎవరో దూరంగా ఈల వేస్తున్నట్టుంటుంది. ఉత్తరంలో అయితే నీ గొంతు శుభ్రంగా వినిపిస్తుంది. "ఈ రోజుల్లో ఉత్తరాలేమిటి నాన్నా" అని నీ తమ్ముడు ఎంత నవ్వినా నువ్వు మాత్రం మానకు.

నీ ఉత్తరం నిన్న అందింది. ఎప్పటిలాగే మిల్లు గేటు ఎదుట టీ కొట్టు బెంచీ మీద కూర్చుని, కవరు చింపి, పైకి చదివాను. పగటి షిఫ్టు దిగినవాళ్ళు గ్లాసులు పట్టుకుని చుట్టూ చేరారు. "మా కంపెనీకి మన కాగితం మిల్లు పని వచ్చింది, అక్కడి యంత్రాలన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించాలి, ఆ పని నాకే అప్పజెప్పారు" అన్న చోటికి వచ్చేసరికి కళ్ళజోడు మసకేసింది. తుడుచుకుని మళ్ళీ చదివాను. మూడోసారి మొదలుపెడితే నిప్పుకోడి అడ్డం పడ్డాడు. కొలిమి దగ్గర నాతో పాటు పనిచేసినవాడు, నీకు గుర్తుండే ఉంటాడు, ఆ మెడ చూసినవాళ్ళెవరూ మరిచిపోరు. "ఒరే, మాకు చెవులున్నాయిరా, లేనిది నీకే" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నిన్న నన్ను ఎవరు ఏమన్నా నవ్వేవాణ్ణే.

తల్లీ, నా జీవితమంతా ఆ మిల్లు పోతశాలలో చెక్క అచ్చులు చెయ్యడంతోనే గడిచింది. నువ్వు ఆ అచ్చుల గదిలో రంపపు పొట్టు మీద పడి నిద్రపోయిన పిల్లవి. నీ తమ్ముడు అదే మిల్లులో పంపుహౌసు నడుపుతున్నాడు. ఇప్పుడు మిల్లు మొత్తం నీ చేతి కిందికి వస్తోంది. మూసేస్తారు, మూసేస్తారు అని ఇక్కడ గోడకి కూడా నోరొచ్చి వాగుతోంది కదా. మూసేసే మిల్లుని పనిగట్టుకుని కంప్యూటరులోకి ఎవరైనా ఎక్కిస్తారా? చచ్చేవాడికి కొత్త చొక్కా కుట్టిస్తారా? ఇదే మాట టీ కొట్టు దగ్గర అడిగాను.

ఇంతకీ నువ్వు చేసే పని ఏమిటో నాకు అర్థమయ్యేలా రాయి. మళ్ళీ పదిమందికి నేనే చెప్పాలి.

కాగితం చూశావా, మన మిల్లుదే. దీపం ముందు పెడితే గుర్తు కనిపిస్తుంది.

ఇవాళ నేలమీద నడవని,
నాన్న

జనవరి 17

నాన్నకి,

నీ ఉత్తరం చదివి నేనూ నవ్వాను. నిప్పుకోడి మామయ్యని అడిగానని చెప్పు.

నా పని నీకు చెప్పడం సులువు. నేనూ అచ్చులే చేస్తాను.

మిల్లులో ఒక పంపు ఉందనుకో. దాని గురించి కంప్యూటరుకి చిన్న చిన్న వాక్యాల్లో చెప్పాలి. ఇది పంపు. దీన్ని తిప్పేది ఫలానా మోటారు. ఇది ఫలానా గదిలో ఉంది. ఈ తొట్టిలోంచి ఆ తొట్టిలోకి తోడుతుంది. ఇన్ని పంపులకి ఎవరికి వాళ్ళు చేత్తో రాస్తే ఒకడు మోటారు అంటాడు, ఇంకొకడు డ్రైవు అంటాడు, మూడోవాడు రాయడమే మరిచిపోతాడు. అందుకని నేను పంపుకి ఒక అచ్చు చేస్తాను. అందులో కొన్ని ఖాళీలుంటాయి. వాటిని నింపితే చాలు, వాక్యాలన్నీ పోతపోసినట్టు ఒకే పోలికతో వస్తాయి. మోటారుకి ఇంకో అచ్చు, వాల్వుకి ఇంకొకటి. తప్పనిసరి అని నేను గుర్తుపెట్టిన ఖాళీని వదిలేస్తే పని ముందుకు కదలదు.

తర్వాత ఇంకో సాఫ్ట్‌వేరు ఆ వాక్యాలన్నీ చదివి తర్కం సరిచూస్తుంది. ఒకే వాల్వు రెండు గదుల్లో ఉందని రాశామనుకో, ఒప్పుకోదు. మనం చెప్పినవాటిని కలుపుకుని చెప్పనివి కూడా తేలుస్తుంది. ఈ పంపు ఆగితే ఆ తొట్టి ఎండుతుంది, తొట్టి ఎండితే ఆ యంత్రం ఆగుతుంది, అని.

దానికి ఒక మంచి గుణం ఉంది నాన్నా. మనం చెప్పనిదాన్ని లేదు అనుకోదు. "ఈ పంపుకి స్పేరు ఉందా" అని అడిగితే, ఎవరూ చెప్పలేదు గనుక "తెలియదు" అంటుంది. లేదు అని మాత్రం అనదు. చెప్పలేదంటే లేదని కాదు. మా పనిలో మొట్టమొదట నేర్పే పాఠం అదే.

అమ్మని మోకాలికి ఆ నూనె రాసుకోమను. తమ్ముణ్ణి, మరదల్ని అడిగానను.

నీ కూతురు

జనవరి 26

అచ్చుల మేస్త్రి కూతురు, అచ్చుల మేస్త్రమ్మకి,

నీ ఉత్తరం ఇప్పటికి ఎన్నిసార్లు చదివానో అడక్కు. మడతలు అరిగిపోయి కాగితం రెండు ముక్కలైతే మీ అమ్మ అతికించింది.

చెట్టుకి పుట్టిన కాయ ఎక్కడ పడుతుందమ్మా. నేను చెక్కలో చేసింది నువ్వు మాటల్లో చేస్తున్నావు. ఒక్క తేడా ఉంది. నా అచ్చు అసలు వస్తువు కన్నా రవ్వంత పెద్దగా ఉండాలి. పోసిన లోహం చల్లారాక కుంచించుకుపోతుంది, ఆ కుంచింపుని ముందే చూసుకుని చెక్క కొయ్యాలి. మాటలు కుంచించుకోవు గనుక నీకా బాధ లేదు. ఇది టీ కొట్టు దగ్గర చెప్తే నిప్పుకోడి ఏమన్నాడో తెలుసా? "నీ సంతోషం కూడా నీ అచ్చులాంటిదేరా, ఎప్పుడూ అసలు సంగతి కన్నా పెద్దది" అన్నాడు. వాడికి కుళ్ళు. వాడి కూతురు కంప్యూటరులో సినిమాలు చూడ్డం తప్ప ఏమీ చెయ్యదు.

ఆ తర్కం చూసే సాఫ్ట్‌వేరు సంగతి మీ అమ్మకి వివరించాను. "ప్రతిదానికీ ఆరా తీసి వంక పెడుతుందా? అచ్చం మీ చెల్లెలే" అంది. అప్పట్నించీ ఇంట్లో దాని పేరు అత్తయ్య. కానీ చెప్పనిదాన్ని లేదనుకోదు అని చెప్పేసరికి, "అయితే మీ చెల్లెలు కాదు లెండి, ఆవిడ చెప్పనివి కూడా పుట్టించుకుంటుంది" అంది. నీ మరదలు నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది.

ఆ పాఠం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. చెప్పలేదంటే లేదని కాదు. మేనేజరుగారు మిల్లు నడుస్తుందని చెప్పలేదు. చెప్పలేదంటే నడవదని కాదు కదా? ఈ మాట షిఫ్టువాళ్ళకి అప్పజెప్తే చాలామంది మొహాలు తేటపడ్డాయి.

ఇక్కడికి చీటీలవాళ్ళు వచ్చారు. మీ కంపెనీ తరఫువాళ్ళట. ప్రతి యంత్రానికీ ఒక పసుపు చీటీ కడుతున్నారు. కొత్త పిల్లల మెడలో బడివాళ్ళు పేరు కట్టినట్టుంది. నా గురించి తెలిసి లోపలికి రానిచ్చారు. నిచ్చెన పట్టుకుంటున్నాను.

ఒక చిన్న కోరిక. అచ్చుల గది అటక మీద నేను చేసిన చెక్క అచ్చులన్నీ ఉన్నాయి. వాటికి చీటీలు కట్టమంటే "ఇవి యంత్రాలు కావు పెద్దాయనా, వీటికి ఖాళీ లేదు" అన్నారు. నువ్వు వాటికో అచ్చు చెయ్యలేవా? అచ్చుకి అచ్చు.

చొక్కా గుండీలు తెగేంతగా ఉబ్బిపోయిన,
నాన్న

ఫిబ్రవరి 8

నాన్నకి,

ఆలస్యమైంది. పని ఎక్కువగా ఉంది, నిద్ర తక్కువగా ఉంది.

చెక్క అచ్చుల సంగతి అడిగాను. వద్దన్నారు. జాబితాలో యంత్రాలు మాత్రమే ఉండాలట. క్షమించు.

పంపు అచ్చులో మార్పులు చెయ్యమన్నారు. బరువు ఎంత అని కొత్త ఖాళీ పెట్టమన్నారు. ఏ తలుపులోంచి పడుతుంది అని ఇంకొకటి. "ఎక్కడికి తోడుతుంది" అన్న ఖాళీ మాత్రం తీసెయ్యమన్నారు. ఎందుకు అని మా టీమ్ లీడరుని అడిగాను. ఆయన చెప్పిన జవాబు నీకు రాయకూడదు. బయట చెప్పనని సంతకం పెట్టాను. కానీ నువ్వు అచ్చులు చేసినవాడివి నాన్నా. ఏ ఖాళీ పెట్టమన్నారో, ఏ ఖాళీ తియ్యమన్నారో చూస్తే అచ్చు దేనికోసమో నీకే తెలుస్తుంది. బాగా ఆలోచించు.

ఆ ఖాళీని నేను తియ్యలేదు. తప్పనిసరి అని ఉంచాను. దానివల్ల ప్రతి పంపు దగ్గరా పని ఆగిపోతోంది. ఆగనీ.

తమ్ముడికి రెండుసార్లు ఫోను చేశాను. వాడు "ఏంటక్కా" అనగానే వేరే ఏదో మాట్లాడి పెట్టేశాను.

నువ్వు జాగ్రత్త. ఆ నిచ్చెనలు పట్టుకోవడం మానెయ్యి.

నీ కూతురు

ఫిబ్రవరి 16

నా తెలివైన తల్లికి,

ఆలోచించమన్నావు, ఆలోచించాను. నువ్వు నోరు విప్పకపోయినా నాకు అందింది. ఇన్నాళ్ళ సర్వీసు ఊరికే పోతుందా?

యంత్రం బరువు ఎప్పుడు అడుగుతారు? పునాది వేసేటప్పుడు. కొత్త పునాదులు వేస్తున్నారన్నమాట. తలుపు ఎందుకు అడుగుతారు? కొత్తవి లోపలికి తేవడానికి. ఎక్కడికి తోడుతుందో వద్దంటున్నారంటే పాత పైపులన్నీ తీసి కొత్తగా వేస్తారు, పాత దారితో పనేముంది? సంతకం పెట్టావు గనుక నువ్వు చెప్పలేవు. పరవాలేదు, నేనూ ఎవరికీ నీ పేరు చెప్పలేదు. "మా అమ్మాయి ఏమీ చెప్పలేదు, చెప్పలేదంటే లేదని కాదు" అని మాత్రం అన్నాను. నిప్పుకోడి తన గ్లాసులో టీ సగం నా గ్లాసులో పోశాడు. ఆ మనిషి ఎవరికైనా టీ పోయడం నువ్వెప్పుడైనా చూశావా?

తలుపు సంగతి చీటీలవాళ్ళు నన్నే అడిగారు. పెద్ద టర్బైను ఏ తలుపులోంచీ పట్టదు కదా, లోపలికి ఎలా వచ్చిందని వాళ్ళకి అనుమానం. పడమటి గోడ దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను. టర్బైను తెచ్చాక కట్టిన గోడ అది, బరువు మొయ్యదు, తడికలాంటిది, పడగొడితే దారే. చీటీలవాళ్ళ పెద్ద నా భుజం తట్టాడు.

అసలు మంచి కబురు ఇప్పుడు రాస్తున్నాను. నీ అత్తయ్య మొండికేసింది కదా, ఏ పంపు ఎక్కడికి తోడుతుందో చెప్తే కానీ కదలనని. చీటీలవాళ్ళు తలలు పట్టుకున్నారు. మేనేజరుగారు నీ తమ్ముణ్ణి పిలిచి, షిఫ్టు పని ఇంకొకళ్ళకి ఇచ్చి, ఇదే పని మీద పెట్టారు. వాడు పైపు పట్టుకుని నడవడం, నేను వెనక టార్చి పట్టుకుని నడవడం. నేల కింద కాలువల్లో, గుజ్జు తొట్ల వెనకాల, సాలీళ్ళు కూడా వదిలేసిన మూలల్లో తిరిగాం. వాడు పైపు మీద చెయ్యి వేసి "ఇది వేడిగా ఉంది, ఆవిరి గది నుంచే వస్తోంది" అంటాడు. నాకు వాడి మాట వినబడదు, పెదాలు చూసి తెలుసుకుంటాను. ఒకచోట ఇద్దరం కూర్చుని రొట్టె తిన్నాం. "నాన్నా, ఇంత మిల్లు ఉందని నాకే తెలియదు" అన్నాడు. కొడుకుతో అంతసేపు నేను ఎప్పుడూ గడపలేదమ్మా. వాడు పుట్టినప్పుడు కూడా నేను ఓవర్‌టైములో ఉన్నాను.

మొత్తం నింపేశాం. ఒక్క పంపు కూడా వదల్లేదు. అత్తయ్య ఇక నోరెత్తలేదట. నీ పని ఆగిపోయిందని బెంగపెట్టుకున్నావు కదా, నీ తమ్ముడూ నేనూ కలిసి తీర్చేశాం.

నీ పనికి టార్చి పట్టిన,
నాన్న

ఫిబ్రవరి 24

నాన్నకి,

మీరు నింపినవి వచ్చాయి. నా ముందు తెర మీద ఎర్రగా ఉన్నవన్నీ ఒక్క పూటలో పచ్చగా మారిపోయాయి. తమ్ముడు రాసిన తీరు చూసి మా ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. నేను బాత్‌రూములోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

ఆ మర్నాడే ఆ ఖాళీని మా టీమ్ లీడరు తనే తీసేశాడు. మీరు నింపినదంతా పక్కన పెట్టేశారు.

పునాదుల సంగతి నేను చెప్పలేదు నాన్నా. మిల్లు గురించి నేను మంచి మాట ఒక్కటి కూడా రాయలేదు. దయచేసి నా ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదువు. టీ కొట్టు దగ్గర ఇంకేమీ చెప్పకు. వాళ్ళకి గోడలు చూపించకు. మోకాళ్ళు నొప్పి అని చెప్పి ఇంట్లో ఉండు.

నేను ఏమైనా చెప్పగలిగితే నీకే ముందు చెప్తాను.

నీ కూతురు

మార్చి 5

మాట నిలబెట్టుకునే బిడ్డకి,

నీ భయం నాకు అర్థమైంది. సంతకం పెట్టిన మనిషి భయపడాలి. పునాదుల మాట నీ నోట రాలేదని పదిమంది ఎదుట చదివి చూపించాను, నీ మీద మాట రాకుండా. "చూశారా, ఎంత పకడ్బందీగా రాసిందో" అన్నాను. అందరూ ఒప్పుకున్నారు.

మేము నింపింది పక్కన పెట్టారని బాధపడకు. పక్కన పెట్టింది పారేసినట్టు కాదు. నేను పక్కన పెట్టిన చెక్క ముక్కలే తర్వాత ఎన్ని అచ్చులకి పనికొచ్చాయో.

ఇక నీకు దాచిన సంగతి ఒకటి చెప్తాను. పనయ్యాక చెప్పి నిన్ను ఆశ్చర్యపెడదామని ఆగాను. నీ తమ్ముడికి ఇంకో ఊరి నీళ్ళ బోర్డులో ఉద్యోగం వచ్చింది. పంపులు నడిపేదే, పర్మనెంటు, ఉండటానికి ఇల్లు కూడా ఇస్తారట. నెలాఖరు లోపల వచ్చి చేరమన్నారు. నీ మరదలు పెట్టె కూడా దించింది. వాడు నా దగ్గరికి వచ్చి, "నాన్నా, ఏం చెయ్యమంటావు? మిల్లు ఉంటుందంటే ఉంటాను, ఉండదంటే పోతాను. అక్క ఏమైనా రాసిందా?" అని అడిగాడు.

నీ ఉత్తరం తీసి వాడి ముందు పెట్టాను. బరువు, తలుపు, అన్నీ విడమరిచి చెప్పాను. వాడు చాలాసేపు చదివాడు. "అక్కకి తెలిసి మిల్లు పోయేదైతే నాకు చెప్పదా?" అన్నాడు. "చెప్పకుండా ఉంటుందా, నీ అక్క కదా" అన్నాను. రాలేనని వాళ్ళకి రాసేశాడు. నీ మరదలు పెట్టె మళ్ళీ పైకి ఎక్కించింది. కాస్త ముభావంగా ఉంది, సర్దుకుంటుంది.

కొత్త పంపుహౌసుకి వీడే ఇన్‌ఛార్జి అవుతాడు చూడు. పైపుల దారులన్నీ తెలిసినవాడు వీడు కాక ఇంకెవరున్నారు? అక్క కంప్యూటరులో, తమ్ముడు పంపుల దగ్గర. మీ అమ్మ దిష్టి తగులుతుందని నన్ను గట్టిగా నవ్వనివ్వడం లేదు.

ఇద్దరు బిడ్డలు చెరో భుజం అయిన,
నాన్న

మార్చి 10

నాన్నా,

ఈ ఉత్తరం టీ కొట్టు దగ్గర చదవకు. ఇంటికి తీసుకెళ్ళి, తలుపు వేసుకుని చదువు.

మిల్లుని అమ్మేశారు. నడపడానికి కాదు, ముక్కలుగా. బరువు అడిగింది క్రేను కోసం. తలుపు అడిగింది బయటికి లాగడానికి. ఎక్కడికి తోడుతుందో వద్దన్నది ఎందుకంటే, విప్పి అమ్మే పంపు ఎక్కడికీ తోడదు. "కొనేవాడికి అదెందుకు" అన్నాడు మా టీమ్ లీడరు. ఫిబ్రవరి మొదట్లోనే అన్నాడు. అప్పటినుంచీ నాకు తెలుసు.

ఆ ఖాళీని తియ్యకుండా పట్టుకుని కూర్చుంటే జాబితా పూర్తి కాదు, ఈలోగా మిల్లువాళ్ళే మీకు చెప్తారు అనుకున్నాను. నా చేతిలో ఉన్నది అదొక్కటే. దాన్ని మీరే నింపారు.

నీళ్ళ బోర్డు ఉద్యోగం సంగతి నువ్వు చెప్పలేదు నాన్నా. నువ్వు చెప్పలేదు గనుక లేదనుకున్నాను. ఆ పాఠం చెప్పిన నేను కూడా. వాడికి వేరే దారి ఏదీ లేదు, ఇప్పుడు చెప్పి ముందే బాధపెట్టడం ఎందుకు అనుకున్నాను. ఉందని తెలిస్తే సంతకం చింపి వచ్చేదాన్ని.

వాణ్ణి వెంటనే ఆ బోర్డుకి పంపు. కాళ్ళు పట్టుకునైనా అడగమను. మీరుంటున్న ఇల్లు కూడా మిల్లుదే, ఖాళీ చెయ్యమంటారు, ముందే చూసుకోండి.

తమ్ముడికి నా మీద కోపంగా ఉందా? అది ఒక్కటి రాయి.

నీ కూతురు

మార్చి 29

తల్లీ,

నాన్న రాసేది. ఈ కాగితం కొన్నది. సిరా పాకుతోంది, ఏమనుకోకు. మిల్లు స్టోరుకి తాళం వేశారు.

నీ ఉత్తరం టీ కొట్టు దగ్గరే చదివాను. కవరు ఇంటిదాకా మొయ్యడం నాకెప్పుడు చేతనైంది? మొదటి వాక్యం, టీ కొట్టు దగ్గర చదవకు అన్నది, పైకే చదివాను. అందరూ గొల్లున నవ్వారు. నిప్పుకోడి "పెళ్ళి సంబంధమేదో చూసుకుని ఉంటుందిరా, సిగ్గుపడుతోంది, చదువు చదువు" అన్నాడు. నేనూ అదే అనుకుని, గొంతు సవరించుకుని, ఇంకాస్త గట్టిగా చదివాను. మిల్లుని అమ్మేశారు అన్నది కూడా ఆ గొంతుతోనే చదివాను. క్రేను అన్న మాట దగ్గర కానీ నాకు నేను చదివేది ఏమిటో తెలియలేదు. ఆగిపోయాను.

నీ తమ్ముడు అక్కడే ఉన్నాడు, డ్యూటీకి వెళ్తూ ఆగాడు. నా చేతిలోంచి కాగితం తీసుకుని, ఎక్కడ ఆపానో అక్కణ్ణించి చివరిదాకా పైకి చదివాడు. ఒక్క మాట మింగలేదు. నీళ్ళ బోర్డు మాట కూడా, ఖాళీ చెయ్యమంటారు అన్నది కూడా. చివర నువ్వు అడిగినదాన్ని కూడా చదివాడు. మడతపెట్టి నా జేబులో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. పంపు దగ్గర మనిషి ఉండాలి కదా. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. నిప్పుకోడి కూడా. వాడు ఏదో ఒకటి అంటే బాగుండేది.

మర్నాడు మీ అమ్మ పోరగా పోరగా వాడు నీళ్ళ బోర్డుకి వెళ్ళాడు. ఆ చోటుకి ఇంకొకర్ని తీసుకున్నారట. వాళ్ళు మంచిగానే మాట్లాడారట, కుర్చీ వేశారట.

నోటీసు గేటుకి అంటించారు. నువ్వు చెప్పినట్టే ఉంది, అక్షరం తేడా లేదు. ఇంటికి కూడా నోటీసు ఇచ్చారు. మీ అమ్మ గిన్నెలు పాత కాగితాల్లో చుడుతోంది. నీ మరదలు పెట్టె దించింది, ఈసారి పుట్టింటికి. కొన్నాళ్ళకే అంది.

పడమటి గోడ పడగొట్టారు. నేను చెప్పినట్టు సుత్తి దెబ్బలకే ఒరిగిపోయింది, టర్బైను దర్జాగా బయటికి వచ్చింది. లారీ మీద అది దొర్లకుండా కింద దిమ్మెలు పెట్టాలి కదా, అటక మీంచి నా అచ్చుల్ని దించి పెట్టారు. నేను చూశాను. ఆ టర్బైను మూత కోసం నేను చేసిన అచ్చే దాని కింద ఉంది. నీ జాబితాలో చోటు దొరకలేదన్నావు, లారీలో దొరికింది. దాని గురించి బెంగ పెట్టుకోకు.

నిప్పుకోడి అన్నది నిజమే తల్లీ. నేను అచ్చు పెద్దగా చేశాను. అంత పెద్దగా చేసినవాణ్ణి చల్లారాక ఎంత మిగులుతుందో చూసుకోవాలి కదా. నీ అత్తయ్య నా కన్నా నయం. ఆమెని అడిగితే తెలియదు అనేది. నువ్వు మూస్తారని రాయలేదు, నేను మూయరని చదువుకున్నాను. పాఠం నేర్పింది నువ్వు, పదిమందికీ అప్పజెప్పింది నేను, తప్పు చేసింది కూడా నేనే. నిన్ను నువ్వు తినెయ్యకు. అన్నం మానకు. ఉద్యోగం మానతానని ఏదో పిచ్చి మాట మీ అమ్మకి ఫోనులో అన్నావట, మానకు. మనలో ఒకళ్ళకైనా పని ఉండాలి.

ఇంకో సంగతి. నీ తమ్ముడికి పని దొరికింది. పంపులు విప్పేవాళ్ళు వాణ్ణే పెట్టుకున్నారు. ఏ పైపు ఎక్కడికి వెళ్తుందో తెలిసినవాడు వాడొక్కడే కదా, ఎక్కడ కొయ్యాలో వాడే సున్నంతో గీత గీస్తాడు. రోజూ పొద్దున వెళ్తాడు, చీకటి పడేవేళకి వస్తాడు. చేతులు కడుక్కుంటాడు, భోంచేస్తాడు. చివరి పంపు అయిపోయాక ఏమిటిరా అని అడిగాను. పెదాలు కదిలాయేమోనని చాలాసేపు చూశాను.

కోపంగా ఉందా అని అడిగావు. వాడు నీ గురించి ఏమీ చెప్పలేదమ్మా. మంచీ చెప్పలేదు, చెడూ చెప్పలేదు. చెప్పలేదంటే లేదని కాదు.

నాన్న